ఆదోనిలో నేను వదిలేసిన బొటనవేలు

ఆదోని వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి తెనాలిలో నన్ను చూసిన ప్రతివాడూ రెండే ప్రశ్నలు వేస్తున్నాడు. ఎండలెలా ఉన్నాయి? ఏం తెచ్చావు? ఏం తెచ్చానో చెబితే వెంటనే మూడోది, ఎంతకు తెచ్చావు? మా ఊరివాళ్ళు కాశీ నుంచి గంగ తెచ్చిపెట్టినా ముందు చెంబు ఖరీదు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళు చదివి తెలుసుకోండి. వెళ్ళదలచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి, చేతులు జేబుల్లో పెట్టుకుని మరీ వెళ్ళండి.

నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. నాతోపాటు విద్వాన్ చదివిన నాగభూషణం ఎమ్మిగనూరులో అదే ఉద్యోగం చేస్తున్నాడు. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు కలిపి వక్తృత్వ పోటీ పెట్టారనీ, దూరపు పండితుడు న్యాయనిర్ణేతగా ఉంటే ఎవరూ పక్షపాతం అనరనీ, తప్పకుండా రావలసిందనీ వాడు పిలిచాడు. కొత్త రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన రోజులు. మన రాజధాని జిల్లాయే కదా, ఎంత దూరం ఉంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడం దగ్గరే నా కష్టాలన్నీ మొదలయ్యాయి.

గుంతకల్లు దాటాక

రైలు ప్రయాణం గురించి చెప్పను. చెబితే నా నోటికి రాకూడని మాటలు వస్తాయి. గుంతకల్లులో బండి మారాక నా ఎదుటి బల్ల మీద హొళగుంద వైపు ఆసామి ఒకాయన కూర్చున్నాడు. తలపాగా కింది నుంచి చెవిదాకా పాత గాటు ఒకటి దిగి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని కనిపెట్టి సంతోషంగా తలపాగా తీసి పూర్తిగా చూపించాడు.

"దేవరగట్టులో తగిలిందప్పా. దసరాకు. కట్టెలతో కొట్టుకుంటాము గదా, దేవుని కాడ. మీ ఊర్లో దసరాకు ఏం సేస్తారు?"

"బొమ్మల కొలువు పెడతాం" అన్నాను.

ఆయన ముందుకు వంగాడు. "ఇంగ?"

"పేరంటాళ్ళకు శనగలు పంచుతాం."

"అంతేనా!" అని ఆయన నావైపు ఎంత జాలిగా చూశాడంటే, ఇంట్లో ఎవరో పోయారని చెప్పినట్టయింది. ఆదోని వచ్చేదాకా తన సంచిలోని వేరుశనక్కాయలు నాకు ఒలిచి పెడుతూనే ఉన్నాడు. వద్దంటే వినడు. పంటి నొప్పి అన్నా వినలేదు.

ఆదోని

ఆదోనిలో ముందు కనిపించేది దూది. గాలిలో దూది, గుమ్మాలకు దూది, గుర్రబ్బండి తోలేవాడి కనుబొమల మీద దూది. జిన్నింగు మిల్లుల నుంచి లేచి ఊరంతా తిరుగుతుంది. నేను తాగిన మొదటి కాఫీలోనూ ఒక పీచు తేలింది. హోటలాయనకు చూపిస్తే చిటికెన వేలితో తీసేసి, "ఆదోని కాఫీ అప్పా" అని గ్లాసు మళ్ళీ నా ముందే పెట్టాడు. మా ఊళ్ళో అయితే ఆ గ్లాసు వీధిలో పడేది. డబ్బు మాత్రం తెనాలి కన్నా తక్కువే తీసుకున్నాడు, పీచుకు తగ్గించాడేమో తెలియదు.

ఫలహారానికి ఉగ్గాని పెట్టారు. బొరుగులు నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లుతారు. పక్కన బొటనవేలంత లావు మిరపకాయ బజ్జీ. మా వైపు బొరుగులు పిల్లలకు దోసిట్లో పోస్తాం, ఇలా వంట చెయ్యం. విసుక్కుంటూనే మొదలుపెట్టాను. రెండోసారి అడిగి పెట్టించుకున్నానన్నది నిజమే. బజ్జీ మాత్రం నా కళ్ళ వెంట నీళ్ళు తెప్పించింది.

స్టేషనుకు వచ్చి నన్ను దింపుకుని ఈ ఫలహారం పెట్టించింది నాగభూషణమే. పదేళ్ళ తర్వాత కలిశాం. వాడిప్పుడు సగం మా భాష, సగం ఇక్కడి భాష మాట్లాడుతున్నాడు. బస్సు వచ్చేదాకా పత్తి బజారు చూపిస్తానని తీసుకెళ్ళాడు. అక్కడ, మిట్టమధ్యాహ్నం ఎండలో, పెద్దమనుషులు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టుకున్న చేతుల మీద తువ్వాలు కప్పి ఉంది. ఒకడు ఆకాశం వైపు, ఒకడు పత్తి బోరాల వైపు చూస్తున్నాడు. ఎవరూ నోరు మెదపడం లేదు.

"ఏమిటిరా ఇది?" అన్నాను.

"బేరం. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలియకూడదు కదా, అందుకని తువ్వాలు కింద."

"నోరుండగా వేళ్ళతో ఎందుకు?"

"నోటి మాట నలుగురూ వింటార్రా శాస్త్రీ. ఇక్కడ తువ్వాలు కింద పడిన మాటకు తిరుగులేదు. కాగితం కూడా అక్కర్లేదు."

పిల్లలకు నోరు విప్పడం నేర్పడానికి ఇంత దూరం వస్తే, ఊరి పెద్దలంతా నోరు మూసుకుని లక్షల వ్యాపారం చేస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. వేళ్ళంటే రూపాయలు అన్నంతవరకు బుర్రకెక్కించుకుని, మిగతాది వదిలేశాను.

ఎమ్మిగనూరు

బస్సులో నా ఒళ్ళో ఒక ముసలమ్మ తన కోడిని పెట్టింది. మంత్రాలయం వెళ్ళే యాత్రికులు కోడిని, దానితోపాటు నన్నూ చూసి ముఖాలు తిప్పుకున్నారు. ఎమ్మిగనూరులో దిగేసరికి ఆ కోడి నాకు చుట్టమైపోయింది.

ఊరంతా మగ్గాల చప్పుడు. నాగభూషణం ఇల్లు కూడా రెండు మగ్గాల మధ్య ఉంది. వాళ్ళావిడ జొన్నరొట్టె, వంకాయ కూర, ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి పెట్టింది. అన్నం లేదా అని అడగబోయి, ఆమె రొట్టెలు తడుతున్న వేగం చూసి ఊరుకున్నాను. మూడు రొట్టెలు తిన్నాను. మర్నాడు పొద్దున దాకా ఆకలి వెయ్యలేదు. అన్నం తిన్న రోజు నాకు అలా ఎప్పుడూ లేదు.

మర్నాడు నాగభూషణం బడికి తీసుకెళ్ళి మూడో ఫారం పిల్లలకు నా చేత పాఠం చెప్పించాడు. చెప్పాను. "అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది అయ్యోరూ!" అని గది అదిరేలా అరిచారు. ఇక్కడ ఉపాధ్యాయుణ్ణి అయ్యవారు అంటారు.

"ఏమర్థమైంది?"

అరిచినవాళ్ళంతా గబగబా పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టారు.

పాఠం పక్కన పెట్టి, "మీ ఇంటి నుంచి బడికి వచ్చే దోవ ఎలా ఉంటుందో చెప్పండి" అన్నాను. ముందు బెంచీ కుర్రవాడు లేచి, వినయంగా, "యా పుస్తకంలో ఉంది అయ్యోరూ?" అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మా తెనాలి పిల్లలూ ఇంతే, కాకపోతే వాళ్ళు అడగరు, ఏదో ఒకటి అల్లేస్తారు.

పోటీ విషయం ఏమిటని అడిగితే విద్య గొప్పదా, ధనం గొప్పదా అన్నారు. ఆదోనిలో పోటీ, డబ్బు పెట్టేది పత్తి దలాలు గుండప్ప శెట్టిగారు. మొదటి బహుమతి వచ్చిన వాళ్ళకు స్కూల్ ఫైనలు దాకా బడికి కట్టే జీతం, పుస్తకాలు, బట్టలు అన్నీ ఆయనే చూసుకుంటాడు. "మరి ధనం తరఫున ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నాను. ఎవరూ లేరు. రెండు ఊళ్ళ పండితులూ తమ తమ పిల్లలకు విద్యే గొప్పదని రాసిచ్చి బట్టీ పెట్టించారట. నాగభూషణం కూడా.

"వాదమంటే రెండు పక్షాలుండాలి కదయ్యా! అందరూ ఒకటే అంటే ఇక పోటీ ఎందుకు, భజన పెట్టుకోండి! ధనం గొప్పదని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదూ?" అని పిల్లల ముందే అరిచేశాను.

వెనక వరసలోంచి ఒక ఆడపిల్ల లేచింది. సన్నగా, పొట్టిగా ఉంది. వేళ్ళ చివర్లకు నూలు రంగు అంటుకుని ఉంది. "ధనం గొప్పదంటే బహుమానం ఇయ్యరేమో గదా అయ్యోరూ?"

"ఎందుకివ్వరు? బాగా చెప్పినవాళ్ళకే బహుమతి. ఏ పక్షమైనా సరే."

"మాటేనా?"

"మాటే" అన్నాను.

ఆ పిల్ల పేరు ఉరుకుందమ్మ, పోటీకి వెళ్ళే పిల్లల్లో ఒకతె. ఆ దగ్గర్లోని ఉరుకుంద దేవుడి మీద పెట్టిన పేరు. ఆ సాయంత్రం నాగభూషణం నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న ఈరన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తువ్వాళ్ళు నేస్తున్నాడు. ఈ ఏడుతో మూడో ఫారం అయిపోతుంది. పై ఫారాలకు జీతం కట్టలేనని ఆయన దాచకుండా చెప్పాడు.

"బహుమానం వస్తే సదువుకోనీ అయ్యోరూ, నేనేం వద్దనను. రాకుంటే మగ్గానికి నూలు కండెలు సుట్టేదానికి మనిషి కావాల. దాని తల్లికి కండ్లు సరిగా కనపడవు." ఆయన మాటలో కోపం లేదు, బతిమాలడం లేదు. మగ్గం మళ్ళీ మొదలుపెట్టాడు. ఉరుకుందమ్మ రాట్నం దగ్గర కూర్చుని, పెదవులు కదిలిస్తూ కండెలు చుడుతోంది. అప్పచెబుతోందనుకుని దగ్గరికి వెళ్ళి విన్నాను. బట్టీ పాఠం కాదు. ఎవరితోనో పోట్లాడుతోంది.

మళ్ళీ ఆదోని: పోటీ

పోటీనాడు పొద్దున్న నాకు బస ఇచ్చిన గదికి తండ్రులు రావడం మొదలైంది. ఒకాయన అరటిపళ్ళతో వచ్చి, మావాడికి దగ్గు, గొంతు సరిగా లేకపోయినా మనసు మంచిది అన్నాడు. ఇంకొకాయన నా గోత్రం అడిగి, ఎలాగోలా చుట్టరికం కలిపాడు. మూడో ఆయన ఏమీ అనకుండా కూర్చుని, వెళ్ళేటప్పుడు నా గొడుగు బాగుందన్నాడు. నేను స్నానానికి వెళ్ళే వీలు కూడా లేకపోయింది. ఇక ఎవడైనా ఒక్క మాట సిఫారసు చేస్తే కొట్టడానికి కూడా వెనకాడని స్థితిలో సభకు వెళ్ళాను.

బడి ఆవరణలో పందిరి. ముందు వరసల్లో తండ్రులు, మేనమామలు, దూది. వేదిక మీద ముగ్గురం న్యాయనిర్ణేతలం: నేను, గుండప్ప శెట్టిగారు, ఒక రిటైరైన తాసీల్దారు. తాసీల్దారుగారు దండ వేయించుకుని నిద్రపోయారు. శెట్టిగారు లావుపాటి మనిషి, చెవులకు ఒంటి రాళ్ళు, భుజం మీద జరీ అంచు కండువా. "నాకు సదువు తెలీదు స్వామీ. తమరెట్లంటే అట్ల" అని నా పక్కన కూర్చున్నాడు.

పిల్లలు అయిదుగురు. ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు ఇచ్చారు. మొదటి నలుగురూ విద్య గొప్పదనే అన్నారు. ఒకటో పిల్లవాడు చెప్పిన ఉదాహరణే రెండోవాడు చెప్పాడు. మూడోవాడు అదే ఉదాహరణ సగం చెప్పి మరిచిపోతే, ముందు వరసలోంచి మేనమామ అందించాడు. నాలుగో అంకె ఒక వకీలుగారి అబ్బాయి. గొంతు బాగా పెద్దది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా పందిరి గుంజకు తగిలింది. "ధనము దొంగలు దోచెదరు!" అని వాడు గర్జించినప్పుడు ముందు వరసలోని వర్తకులంతా చప్పట్లు కొట్టారు. నేను విసనకర్ర కోసం వెతుక్కున్నాను.

అయిదో అంకె ఉరుకుందమ్మ. మైకు ఆ పిల్లకు అందలేదు. పక్కకు తప్పుకుని మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఇంతసేపూ నలుగురు అన్నలు విద్య గొప్పదన్నారు. వాళ్ళు నలుగురూ రేపు గూడా బడికి పోతారు. ఓడిపోయినా పోతారు. నేను ఓడిపోతే రేపు కండెలు సుట్టేదానికి పోతాను. అప్పుడు నా విద్య యాడుంటాది?"

నాగభూషణం నుదురు పట్టుకున్నాడు. వాడు రాసిచ్చిన దానిలో ఈ ముక్క లేదు.

"ధనం దొంగలు ఎత్తుకుపోతారంట. మా ఇంట్లో ఎత్తుకుపోయేదానికి ఏం లేదు, మరి మేమే నిశ్చింతగా ఉండాల గదా? లేము. విద్యను ఎవురూ ఎత్తుకుపోలేరంట. ఎత్తుకుపోరు, జీతం కట్టకుంటే గేటు కాన్నే ఆపుతారు. విద్య మంచిదే. నాకు శానా ఇష్టం. గానీ ఆ ఇంటికి తాళం ఏసింది, తాళం చెవి శెట్టిగారి మొలతాడుకుంది. ఏది గొప్పదో మీరే సెప్పండి."

అందరికన్నా ముందు శెట్టిగారే నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు, మొలతాడు తడిమి చూసుకుని మళ్ళీ నవ్వాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను, తన మాట తాను చెప్పే పిల్లను ఇలా ఎన్నిసార్లు చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వేళ్ళ మాట ఎత్తాను గనుక అసలు సంగతి చెప్పేస్తాను.

నేనింకా ఆ పిల్లనే చూస్తూ ఉండగా, శెట్టిగారు తన కండువా తీసి నా చేతి మీద వేశాడు. దాని కింద ఆయన చెయ్యి వచ్చి నా అరచేతిలో కూర్చుంది. ముఖం మాత్రం జనం వైపే ఉంది, ఏమీ ఎరగనట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దుటి నుంచి అరటిపళ్ళు, చుట్టరికాలు, గొడుగులు. ఇప్పుడు వేదిక మీదే, ఇంతమంది ముందే, వేళ్ళ లెక్కన రూపాయలు! ఏ పిల్లవాడి తండ్రి తరఫునో! లేచి అరిస్తే సభ పాడవుతుంది. పళ్ళు బిగించి, ఆయన చేతిని వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కి వెనక్కి తోశాను. "చాలు!" అన్నాను.

శెట్టిగారు ఎంతో మర్యాదగా తల వంచాడు. లేచి మైకు దగ్గరికి వెళ్ళి, "తెనాలి స్వామి నిర్ణయం ప్రకారము, నాలుగో అంకె!" అన్నాడు.

వకీలుగారి అబ్బాయి ఎగిరి గంతేశాడు, మళ్ళీ గుంజకు చెయ్యి తగిలింది. నేను లేచి నిలబడి "ఆగండి!" అనేలోపు జాతీయగీతం మొదలైంది. తాసీల్దారుగారు కూడా మేలుకుని నిలబడ్డారు. నేనూ చేతులు కిందికి దించి, కదలకుండా, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ గీతం అంత పొడుగ్గా ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

అయిపోగానే శెట్టిగారి మీద పడ్డాను. "నాలుగని ఎవరన్నారండీ?"

"తమరే గదా స్వామీ. నాలుగు వేళ్ళు పట్టినారు. సాలు అన్నారు."

"నేను మీ చేతిని తోసేశాను!"

"తోసేదిట్ల కాదు స్వామీ. బేరం వద్దనుకుంటే చేయి ఇదిలించి బయటికి తీయాల. తమరు నాలుగు పట్టి నొక్కినారు." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ముందు వరసలో అందురూ తమరి నోటికల్లా సూస్తాండారు. నోటితో అడిగితే తమరికి ఇబ్బంది గదా అని కండువా కింద అడిగినాను. యా పిల్లోడు అని."

"నేను లంచం అనుకున్నాను."

శెట్టిగారి ముఖం కందిపోయింది. చెవుల రాళ్ళు కూడా ఎర్రబడ్డట్టు కనిపించాయి. "నేను నలభై ఏండ్లు ఈ బజార్లో కండువా కింద మాట తప్పలేదు. ఇప్పుడు మారిస్తే రేప్పొద్దున ఎవురూ నా చేయి పట్టరు. ఇచ్చిందిచ్చినట్టే."

అంతే. ఆయన తప్పేమీ లేదు. నేనే మర్యాదను లంచమనుకున్న మేధావిని.

పందిరి వెనక ఉరుకుందమ్మ, ఈరన్న నిలబడి ఉన్నారు. ఈరన్న బజారులో అమ్మడానికి తెచ్చిన తువ్వాళ్ళ కట్ట భుజాన వేసుకుని, "పోనీలే అయ్యోరూ, బస్సుకు టైమాయ" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మాటన్నారు గదా అయ్యోరూ" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "ఎట్ల పట్టినారు, సూపండి" అంది. నాగభూషణం చెయ్యి పట్టుకుని చూపించాను. తువ్వాళ్ళు అమ్మే ఇంటి పిల్ల కదా, వంగి పరీక్షగా చూసింది.

"బొటనవేలు వదిలేసినారు" అంది. "అది గూడా పట్టింటే అయిదు."

నాగభూషణం పకపకా నవ్వబోయి, నా ముఖం చూసి దగ్గాడు.

శెట్టిగారి మండీ

మర్నాడు పొద్దున నా బండికి ముందు శెట్టిగారి మండీకి వెళ్ళాం. వెళ్ళాం అంటే నేను తీసుకెళ్ళలేదు, ఉరుకుందమ్మే నన్ను తీసుకెళ్ళింది. తండ్రీ కూతుళ్ళు ముందురోజు రాత్రి ఊరికి వెళ్ళకుండా నాగభూషణం చుట్టాలింట్లో ఆగిపోయారు. శెట్టిగారు తెల్లటి పరుపు మీద బాలీసుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగానే లేచాడు, నవ్వలేదు.

"ఇచ్చిన మాట ఎనక్కి తీసుకునేది లేదు స్వామీ."

"తీసుకోవద్దు శెట్టిగారూ" అంది ఉరుకుందమ్మ. "ఆ బేరం అయిపోయింది. ఇది ఇంగో బేరం."

శెట్టిగారు కనుబొమలెత్తాడు. "సరుకేంది?"

ఆ పిల్ల నన్ను చూపించింది. "ఈ అయ్యోరు."

నేను అటూ ఇటూ చూశాను, ఇంకో అయ్యవారు ఎవరైనా వచ్చారేమోనని.

"ఏటా ఎండాకాలం సెలవులకు వస్తాడు. ఎమ్మిగనూరులో, ఈడ ఆదోనిలో పిల్లకాయలకు సొంతంగా మాట్లాడేది నేర్పిస్తాడు. జీతం అడగడు. మీరు నా సదువు సూసుకోండి."

"అమ్మాయ్! నన్నడిగావా?" అన్నాను.

"మీరు మాటిచ్చినప్పుడు నేనడిగినాను గదా అయ్యోరూ."

శెట్టిగారు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. బోరాలోంచి పత్తి పీకి, పీచు పొడుగు చూసేటప్పుడు ఆయన ముఖం అలాగే ఉంటుందనుకుంటాను. "నిన్న నీకు ఈయప్ప నేర్పించినాడా?"

"నేర్పీలేదు. అరిసినాడు. దానికే అంత వచ్చింది."

శెట్టిగారికి నవ్వు ఆగలేదు. చెయ్యి చాపబోయి, "ఆడబిడ్డ చేయి పట్టి బేరమాడను నేను" అన్నాడు. ఈరన్న కట్టలోంచి కొత్త తువ్వాలు ఒకటి లాగి నా చేతి మీద వేశాడు. నా అంత వయసు వాణ్ణి, పండితుణ్ణి, దూది పరుపు మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నన్ను నా చేతే అమ్మించారు.

తువ్వాలు కింద వేళ్ళంటే ఈసారి వేసవులు. ఆ పిల్లకు ఇంకా మూడు ఫారాలున్నాయి, కనుక మూడు వేళ్ళిచ్చాను. శెట్టిగారు తల అడ్డంగా ఊపాడు. నాలుగో వేలు ఇచ్చాను. ఆయన ఆ నాలుగూ పట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ, నా బొటనవేలి కోసం తడుముతున్నాడు. నేను దాన్ని అరచేతిలోకి ముడిచేశాను. అయిదు ఎండాకాలాలు! ఆ బస్సు, ఆ కోడి, కాఫీలో ఆ దూది, ఆ ఎండ! శివరాత్రి దాటిన వారానికే నా తల మాడిపోతోంది, వైశాఖంలో ఏమవుతాను? మా ఇంట్లో ఏమంటారు? అసలు నేనెందుకు వచ్చాను ఈ ఊరికి?

తువ్వాలు కదలడం చూసే ఆ పిల్ల కనిపెట్టింది. నా వెనక నుంచి, మెల్లగా అంది.

"అయ్యోరూ, ఈసారి బొటనవేలు వదలొద్దండి."

వదల్లేదు. ఇచ్చేశాను. శెట్టిగారు అయిదు వేళ్ళూ కలిపి ఒక్కసారి నొక్కి వదిలాడు, నా ఎముకలు విరిగాయనుకున్నాను. తర్వాత పరుపు దిగి, ఈరన్న దగ్గరికి వెళ్ళి, "బిడ్డకు కండెల పని సెప్పొద్దు. బడి తెరిసిన రోజు నా గుమాస్తా వస్తాడు" అన్నాడు. ఈరన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఉరుకుందమ్మ అప్పుడు ఏడ్చింది, అదీ గోడ వైపు తిరిగి, కోపంగా.

తువ్వాలు తిరిగివ్వబోతే ఈరన్న తీసుకోలేదు.

తెనాలి

ఇంటికి వచ్చి స్నానం చేసినా చెవుల్లోంచి దూది వస్తూనే ఉంది. మా ఆవిడ పెట్టె విప్పి, నలిగిన బట్టల మధ్య ఎర్ర అంచు తువ్వాలు చూసింది. వీధి అరుగు మీద ఇద్దరు ఇరుగుపొరుగులు అప్పటికే చేరారు.

"బాగుందే! ఎంతకు తెచ్చారు?" అంది.

"అయిదు ఎండాకాలాలకు" అన్నాను.

కూర్చోబెట్టి కథంతా చెప్పాను. మా ఆవిడ మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు, దాంతో నాకు కొంచెం భయం వేసింది. అంతా విన్నాక లేచి, తువ్వాలు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టి చూసింది. అంచు లాగి చూసింది. మడిచి నా చేతిలో పెట్టింది.

"నేత గట్టిదే" అంది. "అయిదేళ్ళు వస్తుంది."